ఇంజను నీ రెచ్చటికి పోవుచున్నది?

కారు గల గృహస్థులు తరచుగా చెప్పు మాట యొకటి కలదు: "బండి చక్కగానే నడచుచున్నది, వారమున కొకమారు చెంబెడు నీరు పోసిన చాలును." ఈ మాట వినుటకు సామాన్యముగా దోచును. కాని నేటి కార్లలో ఇంజనును చల్లబరచు నీటి యమరిక మూతవేసిన పాత్రవంటిది. అందు పోసిన ద్రవము నెలల తరబడి ఇంచుమించుగా నొకే మట్టమున నిలువవలెను. వారము వారము నీరు కోరు ఇంజనునకు దాహమైనదని తలపరాదు. ఎచ్చటనో చిల్లు పడినదని తెలిసికొనవలెను. ఆ చిల్లును వెదకక నీరు పోయుచుండుట చిల్లుకుండను నింపుట వంటిది. ఒకనాడు నీరు చాలక ఇంజను మితిమీరి కాగి, దాని పైభాగము వంకరపోవును. అపుడగు వ్యయము మొదటి చిల్లును పూడ్చుట కగు వ్యయమునకు ఎన్నియో రెట్లుండును.

ముందుగా నీటి సంచారమును గ్రహింతము. ఇంజనులో మండిన చమురు వేడిమిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపకరించును. మిగిలిన వేడిలో కొంత పొగగొట్టము వెంట పోవును. కొంత ఇంజను లోహమునకు పట్టును. లోహమునకు పట్టిన వేడిని హరించుటకై యొక పంపు నీటిని ఇంజను చుట్టును త్రిప్పును. వేడెక్కిన నీరు బండి ముందుభాగమున నున్న రేడియేటరులోని సన్నని గొట్టములలో ప్రవహించి, గాలికి చల్లబడి, మరల ఇంజనులోనికి వచ్చును. రేడియేటరు మూత ఈ నీటిని ఒత్తిడిలో నుంచును. బయట నీరు 100 డిగ్రీల వద్ద మరుగును గదా. మూత మామూలు గాలియొత్తిడికి మరి యంత యొత్తిడిని జోడించిన యెడల సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. కావుననే ఇంజను వేడిగా నున్నపుడు మూతను విప్పుట మిక్కిలి యపాయకరము. ఒత్తిడి తొలగిన క్షణముననే నీరు ఆవిరియై ముఖముపైకి చిమ్మును. ఇంజను పూర్తిగా చల్లారువరకు మూతను ముట్టరాదు.

ఇట్టిదే మరియొక చిన్న రేడియేటరు డ్యాష్‌బోర్డు చాటున దాగియున్నది. దానినే హీటరు అందురు. చలిదేశములలో లోపలివారికి వెచ్చదనము నిచ్చుటకును, అద్దముపై పట్టిన మంచును కరిగించుటకును అది ప్రాణాధారము. "మా యూర హీటరుతో పనియేమి? ఎన్నడును వేయనిది యెట్లు కారును?" అని పలువు రడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని మన దేశమున నడచు కార్లలో కూడ హీటరు గలవి పెక్కు. వానిలో అనేకములందు మీట ఏ వైపున నున్నను వేడినీరు హీటరు గుండ ప్రవహించుచునే యుండును. మీట కదల్చునది గాలి కడ్డముగా నున్న చిన్న తలుపును మాత్రమే. కావున వాడకున్నను హీటరు లోలోపల తినబడి కాలక్రమమున చిల్లుపడవచ్చును.

ఇక పరీక్షకు వత్తము. రాత్రి బండిక్రింద పాత అట్టముక్కను పరచి ఉదయమున చూడవలెను. దానిపై ఆకుపచ్చని, ఎఱ్ఱని లేక నీలపు మరక కనబడిన యెడల, అది నీటిలో కలుపు కూలెంటు అను మందు కావచ్చును. మరకకు పైనున్న రబ్బరు గొట్టముల కొనలను, బిగింపులను, రేడియేటరు అంచులను పరికింపవలెను. కారి యెండినచోట పెచ్చు కట్టియుండును. నీటిపంపు ఇరుసు దగ్గర నున్న చిన్న రంధ్రమునుండి చుక్కలు పడుచున్న, పంపు మార్చవలసిన కాలము వచ్చినదన్నమాట.

నేల పొడిగా నుండి, నీరు మాత్రము తరుగుచుండిన యెడల బండి లోపల చూడవలెను. ముందుసీటులో కాళ్లక్రింది తివాచీ చెమ్మగిల్లుట, లోపల తియ్యని వాసన పుట్టుట, గాలి వేసినపుడు ముందు అద్దముపై జిడ్డుపొర పట్టుట, ఈ మూడును హీటరు కారుచున్నదనుటకు గుర్తులు. కాని తొందరపడరాదు. ఏసీ యంత్రము నీరు బయటికి పోవు గొట్టము పూడుకొన్నను తివాచీ తడియును. ఏసీ నీటికి రంగును, వాసనయు, జిడ్డును ఉండవు. కూలెంటు వ్రేళ్లమధ్య జారుడుగా నుండును. వాసన చూడవచ్చును గాని నాలుకకు తగిలింపరాదు. తాకిన చేతిని వెంటనే కడుగవలెను.

బయటను లోపలను తడి లేనిచో నీరు ఇంజనులోనికే పోవుచుండవచ్చును. ఇంజను వేడెక్కిన పిదప కూడ తియ్యని వాసన గల తెల్లని పొగ విడువక వచ్చుట, ఆయిలు పాలు కలిసినట్లగుట దీని లక్షణములు. అట్టి బండిని నడుపక మెకానికుకు చూపవలెను.

మెకానికు "హీటరు మార్చవలెను" అన్నపుడు ఒత్తిడి పరీక్ష చేయుమని యడుగుడు. చల్లారిన ఇంజనుకు మూత స్థానమున ముల్లుగల చేతిపంపు నమర్చి, మూతపై వ్రాసిన ఒత్తిడివరకు గాలి కొట్టుదురు. పావుగంట వరకు ముల్లు కదలకున్న చిల్లు లేదు. ముల్లు దిగిన యెడల, హీటరుకు పోవు రెండు గొట్టములను విడదీసి, ఒకదాని కొకటి కలిపి, మరల పరీక్షింపవలెను. ఈమారు ముల్లు నిలిచినచో దోషము హీటరుదే.

గొట్టమును, బిగింపును మార్చుట స్వల్పకార్యము. హీటరు మార్చుటకు పెక్కు కార్లలో డ్యాష్‌బోర్డును విప్పవలెను. వస్తువు వెలకన్న కూలియే హెచ్చగును. అంతవరకు ఆ రెండు గొట్టములను కలిపియుంచి, మెకానికు సమ్మతించిన యెడల, కొంతకాలము గడుపవచ్చును. చిల్లులను పూడ్చునని యమ్ము పొడులను, ద్రవములను నమ్మరాదు. అవి హీటరు సన్నని దారులనే ముందుగా మూసివేయును. కొండనాలుకకు మందు వేసిన ఉన్ననాలుక యూడినట్లగును.

మరమ్మతైన పిదప బోరునీరు పోయకుడు. నీళ్లు కాచు గిన్నెలో పట్టు తెల్లని పెచ్చే ఇంజనులోను పట్టును. బండి తయారుచేసినవారు చెప్పిన కూలెంటును బట్టీపట్టిన నీటితో కలిపి, హీటరు మీటను పూర్తి వేడివైపు త్రిప్పి, లోపలి గాలి పోవునట్లు మెల్లగా నింపవలెను. మరునాడు ఇంజను చల్లగా నున్నపుడు మట్టమును తిరిగి చూడవలెను.

కడపటి మాట మిక్కిలి ముఖ్యమైనది. కూలెంటులో సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. కుక్కలు, దూడలు, పసిబిడ్డలు తీపికై దానిని రుచిచూచిన, మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. కావున తీసివేసిన కూలెంటును కుడితితొట్టి చెంతను, చెరువుగట్టునను, కాలువలోను పారబోయరాదు. త్రాగునీటి సీసాలలో నుంచరాదు. మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, మరమ్మతుశాలకు అప్పగింపవలెను. ఎవరైన త్రాగిరని తెలిసిన, బాధ కనబడువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి గొనిపోయి, త్రాగిన దేమో వైద్యునకు చెప్పవలెను.

ఇంటిలో బియ్యము తరిగిన లెక్క చూచుదుము; గాదెలో ధాన్యము తగ్గిన కారణ మడుగుదుము. ఇంజనులో తరిగిన నీటికిని లెక్క యడుగుడని పెద్దలకు మనవి చేసి విరమించుచున్నాను.