కుల ధ్రువపత్రం ఎదుట విశ్వాసం: నంద్యాల, ఆళ్లగడ్డ క్రైస్తవ యువత

నంద్యాలలోను, ఆళ్లగడ్డ సమీపంలోని ముత్యాలపాడులోను 19వ శతాబ్దిలో వెలసిన ఆంగ్లికన్ మిషన్ ద్వారా క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు దళితులు. వారి సంతతి యువతకు విశ్వాసం, సామాజిక న్యాయం ఒకేచోట ఎదురుపడేది కుల ధ్రువపత్రం వద్ద.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణలు క్రైస్తవులను చేర్చలేదు. ఫలితంగా క్రైస్తవ దళితులకు రాష్ట్రంలో దక్కేది బీసీ-సి వర్గపు ఒక శాతం రిజర్వేషనే. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా వర్తించదు. మతం మారినంత మాత్రాన ఊరిలో కులవివక్ష తొలగదు.

విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకుంటే హక్కు పోతుంది. హక్కును నిలుపుకోవాలంటే విశ్వాసాన్ని దాచుకోవాలి. హోదా విస్తరణను కోరుతూ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన తీర్మానం ఈ సంకటాన్ని గుర్తించింది. అందుచేత ఈ యువతకు న్యాయసాధన విశ్వాసాచరణలోనే ఒక భాగం.