పాత కారు – పరీక్షకుడెవరు?

బంగారు నగను కొనునపుడు అమ్మువాని మాటనే నమ్మి మనము సొమ్ము చెల్లింపము. మనకు తెలిసిన కంసాలిచేత గీటురాయిపై గీయించి, వన్నె తెలిసికొనిన పిమ్మటనే రూపాయలు లెక్కపెట్టుదుము. అట్టి మనము లక్షలు వెచ్చించి పాత కారును కొనునపుడు మాత్రము పైరంగు మెరుపు చూచి బయానా ఇచ్చివేయుచున్నాము. ఈ విషయమున గృహిణులు యోచింపవలసినది చాల కలదు. ఏలయన, ఆ సొమ్ము కుటుంబమంతయు కూడబెట్టినది. ఆ బండిలో కూర్చుండువారు మన బిడ్డలు.

విశాఖపట్టణమున నౌకాదళము, రేవు, ఉక్కు కర్మాగారము మొదలగువాని యుద్యోగులు బదిలీయైనపుడో, ఉద్యోగ విరమణానంతరమో తమ బండ్లను అమ్ముకొనుట కలదు. వీనిలో మంచివి లేకపోలేదు. కాని బండి గుట్టు అమ్మువానికి తెలిసినట్లు కొనువానికి తెలియదు. అమెరికా దేశపు అర్థశాస్త్రవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడినే యుదాహరణముగా గైకొని యొక వ్యాసము వ్రాసెను. మంచిబండి యేదో కొనువానికి తెలియనిచో దానికి తగిన ధర రాదు. ధర రానందున మంచిబండ్ల యజమానులు అంగడికి రారు. తుదకు చెడ్డవే మిగులును. ఇది ఆయన వాదము. 2001లో ఆయన మరి యిరువురితో కలిసి నోబెల్ బహుమానమును పొందెను.

మన పట్టణమునకు మరియొక విశేషము కలదు. సముద్రపు ఉప్పుగాలి యినుమునకు శత్రువు. తలుపుల అడుగంచులను, పొగగొట్టమును, బండి క్రిందిభాగమును తుప్పు మెల్లమెల్లగా తినివేయును. పైన క్రొత్తరంగు పూసినచో లోని తుప్పు కానరాదు. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానులో చెట్లు విరిగిపడి మన వీధులలో ఎన్నియో బండ్లు దెబ్బతినెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనములు నీట మునిగెను. అట్టి బండిని కడిగి తుడిచి వేరొక యూర అమ్మజూపినచో, దాని చరిత్ర దాని ముఖమున వ్రాసియుండదు గదా!

కావున పరీక్ష యవసరము. పరీక్షకుడెవరు? అమ్మువాడు చూపిన మేస్త్రీ కాడు. దలాలీ పుచ్చుకొను మధ్యవర్తియు కాడు. వెయ్యి యబద్ధములాడియైన నొక పెండ్లి చేయుమని పెద్దలనిరి. కారు బేరమునకు ఆ సామెత పనికిరాదు. మనము కొన్నను మానినను తనకు లాభనష్టములు లేనివాడు, మనమే రుసుమిచ్చి పిలుచుకొనినవాడు పరీక్షకుడు. గాజువాక ఆటోనగరులోని అనుభవశాలియగు మేస్త్రీ కావచ్చును. ఆ బండిని తయారుచేసిన కంపెనీవారి సర్వీసు కేంద్రము కావచ్చును. ఆ కేంద్రమువారే బండిని అమ్ముచున్నచో మరియొకచోటికి పోవలెను.

ఇంజను చల్లగా నున్నపుడే నడిపి చూడవలెను. ముందే వేడిచేసి యుంచినచో స్టార్టు కాని లోపము దాగిపోవును. బండిని పైకెత్తించి అడుగుభాగము చూపింపవలెను. సీటుబెల్టును తుదివరకు లాగినచో వరదనీటి బురదమరక కానవచ్చుట కలదు. మీటరులో కిలోమీటర్లు తక్కువగానుండి పెడల్ రబ్బరు మిక్కిలి యరిగియున్నచో సందేహింపవలెను. టైరు ప్రక్కన 3219 అను అంకెలున్నచో, అది 2019వ సంవత్సరపు 32వ వారమున తయారైనదని యర్థము. చూచినదంతయు పరీక్షకునిచే కాగితముపై వ్రాయించుకొనవలెను. రిజిస్ట్రేషను పత్రమున బ్యాంకు అప్పు నమోదై యున్నదేమో చూచుకొనవలెను.

“అమ్మువారు మనవారే, పరీక్షయన్నచో నొచ్చుకొందురు” అని మగవారు మొగమాటపడుదురు. మేము చెప్పునదేమనగా, ముందు కలిగెడు మొగమాటము ఒక పూటది. వెనుక కలిగెడు వైరము చిరకాలము నిలుచును. దాచవలసిన లోపము లేనివాడు పరీక్షకు వెనుదీయడు. వెనుదీసినచో ఆ వెనుదీయుటయే మనకు ప్రత్యుత్తరము. పైగా 1930వ సంవత్సరపు వస్తు విక్రయ చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, వస్తువు గుణమును చూచుకొను భారము కొనువానిదే.

పరీక్ష చేయించినంత మాత్రమున బండి యెన్నడును చెడదని పూచీ లేదు. కాని తెలిసిన లోపమునకు ధర తగ్గించుకొనవచ్చును. ప్రాణాపాయకరమైన లోపమున్నచో బేరము మానుకొనవచ్చును. రుసుము బండి వెలలో స్వల్పభాగమే. బయానా ఇచ్చుటకు ముందే, “ఎవరు చూచిరి? ఎవరి పక్షమున చూచిరి?” అను రెండు ప్రశ్నలను ఇల్లాలు అడుగవలెను. సమాధానము దొరకువరకు బీరువా తాళము తీయకుండుట మేలు.