పాటకు ముందుమాట

పాడువాడు వేరు, పలుకువాడు వేరు అనెడి విభజన తెలుగునేలపై అంత ప్రాచీనమైనది కాదు. హరికథకుడు ఈ రెండు పనులను ఒక్కడే చేసెడివాడు. కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. కీర్తన అందుకొన్నంతసేపు అతడు గాయకుడు. కీర్తన ముగియగానే కథకుడు. నడుమ పిట్టకథ చెప్పి నవ్వించునప్పుడు మన పొరుగింటి పెద్దమనిషి. ఈ కళకు పితామహుడని పేరుగాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945), 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు. అరకు కొండల దారికి వాకిలివలె నున్న శృంగవరపుకోట ఆ విజయనగరపు గాలి సోకిన ఊరే. పుణ్యగిరి శివరాత్రికి కదలివచ్చెడి ఈ ప్రాంతపు జనము పాటను మాటతో కలిపియే విన్నవారు. పదమునకు అర్థము చెప్పక, సందర్భము విప్పక, పాడి దిగిపోయిన దాసును వారు దాసుగా లెక్కించియుండరు.

గ్రామఫోను, ఆ పిమ్మట సినిమా, ఈ జంటను విడదీసినవి. పెదవి ఒకరిది, గొంతు మరియొకరిది అయినది. 1935లో విజయనగరమున జన్మించి, అక్కడి సంగీత కళాశాలలోనే చదువుకొన్న పి. సుశీలగారి పాటను తెలుగువారు దశాబ్దాల తరబడి విన్నారు. ఆమె మాట విన్నవారెందరు? నేపథ్యగాయకుడనెడి పేరులోనే ఉన్నది, అతడు తెర వెనుకవాడని. పాటలోని మాటలు కవివి, స్వరము సంగీత దర్శకునిది, రూపము నటునిది. గాయకుడు తన సొంత మాట పలుకుటకు ఆ ఏర్పాటులో చోటు లేదు.

ఆ తెరను దాటి వచ్చి, జనము ముందు నిలిచి, తన మాట పలికిన గాయకులలో అగ్రగణ్యులు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యంగారు. ఆయన చలనచిత్ర గానమును గురించి ఇప్పటికే ఎందరో వ్రాసినారు. ఈటీవీలో 1996లో ప్రారంభమైన ‘పాడుతా తీయగా’ కార్యక్రమమున ఆయన నిర్వహించిన వ్యాఖ్యాత పాత్రను మాత్రము ఒక వినోదముగానే జమకట్టి విడిచినవారు పెక్కుమంది. ఉపాధ్యాయులు దానిని మరికొంత శ్రద్ధతో చూడవలసి యున్నది.

ఆయన 1946 జూన్ 4న జన్మించినారు. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరున పేరున్న హరికథకులు. ఇంట ప్రతిదినము పాటయు మాటయు కలసి వినవచ్చిన పిల్లవాడు ఈయన. అనంతపురమున ఇంజనీరింగు చదువునకు చేరి, టైఫాయిడు జ్వరము వలన దానిని విడిచి, మదరాసున వేరొక సాంకేతిక విద్యలో చేరినారు. 1964లో అక్కడి తెలుగువారి సంస్థ నడిపిన ఔత్సాహిక గాయకుల పోటీలో ప్రథమ బహుమతి లభించినది. ఎస్.పి. కోదండపాణిగారు ఈ యువకుని గొంతును గుర్తించి, ‘శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న’ చిత్రమున 1966 డిసెంబరు 15న తొలిపాట పాడించినారు. ఆ పాటలో తోడు పాడినవారిలో విజయనగరపు సుశీలగారొకరు. తరువాతి కాలమున బాలసుబ్రహ్మణ్యంగారు తమ రికార్డింగు శాలకు కోదండపాణిగారి పేరే పెట్టుకొన్నారు. తాను ఒక పోటీలో నిలిచి వెలుగులోనికి వచ్చినవాడినను సంగతి ఆయన మరువలేదు. ముప్పదియేండ్ల పిదప పోటీ నడుపు పీఠముపై కూర్చుండినప్పుడు ఎదుట వణకుచు నిలిచిన పిల్లవానిలో ఆయన ఎవరిని చూచినారో ఊహించుట కష్టము కాదు.

మరియొక సంగతి. ఆయన శాస్త్రీయ సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవారు కారు. 1980లో విడుదలైన ‘శంకరాభరణము’ పాటలను కె.వి. మహదేవన్‌గారి సహాయకులు పుహళేందిగారి వద్ద పట్టుదలతో నేర్చి పాడి, జాతీయ పురస్కారము పొందినారు. పుట్టుకతో వచ్చిన విద్య కలవానికి నేర్చుకొనువాని కష్టము తెలియదు. ఈయనకు తెలిసినది.

గానమునుండి మాటకు ఆయన ఒక్క అంగలో రాలేదు. నడుమ ఒక మెట్టు ఉన్నది. అది డబ్బింగు. తమిళమునుండి తెలుగునకు వచ్చిన చిత్రములలో కమలహాసన్‌గారికి ఎన్నో యేండ్లు గొంతు అరువిచ్చినారు. 1997 నాటి ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరునిగా సుమన్‌గారు కనబడగా, పలికినది బాలసుబ్రహ్మణ్యంగారు, అందుకు నంది పురస్కారము కూడ లభించినది. వాక్యమును ఎక్కడ విరువవలెను, ఏ అక్షరముపై ఊనిక ఉంచవలెను, ఊపిరి ఎక్కడ దాచవలెను అను విద్య ఆ చీకటి గదిలో పదునుపడినది. టెలివిజన్‌లో ఆయన మాట అంత సహజముగా ధ్వనించుటకు వెనుక ఇంతటి అభ్యాసమున్నది.

ఇతర దేశములలోను గాయకులు ఈ దారి పట్టినారు. అమెరికాలో డైనా షోర్ అనెడి గాయని 1930లలో రేడియోలో ప్రవేశించి, 1940లలో రికార్డుల ద్వారా దేశమంతట పేరుపొంది, 1970లో పగటిపూట ప్రసారమయ్యెడి ఒక టెలివిజన్ ముచ్చట్ల కార్యక్రమమునకు ఆతిథేయి అయినది. భర్తలు పనికి, పిల్లలు బడికి పోయిన వేళ ఇంట మిగిలిన గృహిణులు ఆమె శ్రోతలు. ప్రసిద్ధులను పిలిచి వంట చేయించుట, కబుర్లు చెప్పించుట అందులోని విశేషములు. ఆ కార్యక్రమము 1974లో ఆగగా అదే సంవత్సరము మరియొకటి మొదలిడి, ఆ దశాబ్ది చివరివరకు నడిపినది. ఆమె మాటలోని మాధుర్యమునకు గానమే మూలమనుటలో సందేహము లేదు. కాని అక్కడ మాట ప్రధానమై, పాట అతిథిగా నిలిచినది. మన తెలుగు కార్యక్రమమున మాట పాటకు సేవ చేసినది. హరికథ విన్నవారికి ఈ భేదము వెంటనే బోధపడును.

ఏమిటా సేవ? పిల్లవాడు పాడిన పాట ఎవరు వ్రాసినది, ఎవరు స్వరపరచినది అనుదానికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యము మొదటిది. తెలుగునాట సినిమాపాటను నాయకుని పేరుతో చెప్పుకొనుట అలవాటు. ఫలానా నాయకుని పాట అందురే గాని, ఆరుద్ర పాటయనో, పెండ్యాల పాటయనో అనువారు అరుదు. తరగతిలో పద్యము చెప్పునప్పుడు కవి పేరు విడిచిపెట్టని ఉపాధ్యాయుడు సైతము పాట దగ్గర ఆ నియమము పాటింపడు. ఆ మరుపును ప్రతివారము ఓపికగా సవరించినవాడు ఒక గాయకుడు కావుట గమనింపదగినది. తన గొంతువలన ప్రసిద్ధమైన పాటకు తాను మూడవవాడినని పదుగురి ఎదుట ఒప్పుకొనుటకు మనసు కావలెను.

రెండవది ఉచ్చారణము. ఇచ్చట కథ శృంగవరపుకోట వంటి ఊళ్ల గడపకే వచ్చుచున్నది. ఈ ఊరి పేరులోని ‘శృ’ను పలుకు శ్రమ లేకుండ జనులు ‘ఎస్.కోట’ అని చక్కగా తప్పించుకొన్నారు! కళింగాంధ్రపు ఇంటి పలుకుబడిలో ‘ళ’ పెక్కుచోట్ల ‘ల’ అగును, ‘ణ’ ‘న’ అగును. ‘నీళ్ళు’ ‘నీల్లు’గా వినబడును. ఒత్తులు సడలును, శ ష స లు ఒకదాని ఇంటిలో ఒకటి కాపురముండును. ఇది ఒక్క ఉత్తరాంధ్ర గుణమే కాదు, తెలుగుదేశమంతట ఏదో ఒక రూపమున ఉన్నదే. ఇటువంటి బాలుడు వేదిక నెక్కి పాడినప్పుడు స్వరము తప్పిన దానికంటె అక్షరము తప్పిన దానికి బాలసుబ్రహ్మణ్యంగారు ఎక్కువ బాధపడినట్లు కనబడెడివారు. ఆపి, ఆ మాటను తాము పలికి, అర్థము చెప్పి, మరల పలికించెడివారు.

పిల్లవాని నాలుకను దిద్దు ప్రతివాడును ఒక అపాయము తలకెత్తుకొనుచున్నాడు. ‘నీవు పలికినది తప్పు’ అనిన మాట ‘నీ తల్లి పలికినది తప్పు’ అని ఆ పసిచెవికి వినబడవచ్చును. తరువాత వాడు తరగతిలో నోరు తెరువడు. ఈ దుఃస్థితి ఎరుగని బడి ఉండదు.

దీనికి బాలసుబ్రహ్మణ్యంగారి జీవితముననే ఒక సమాధానమున్నది. 1981లో ‘ఏక్ దూజే కే లియే’ అను హిందీ చిత్రమునకు ఆయనను పాడించుటకు సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట సందేహించినారు, దక్షిణాది యాస వినబడునని. చిత్రకథలోని నాయకుడు హిందీ చక్కగా రాని తమిళుడే కదా, ఆ యాస ఉండిన నేమి అని దర్శకుడు బాలచందర్‌గారు పట్టుబట్టినారు. ఆ పాటకు జాతీయ పురస్కారము వచ్చినది. ఆయన పొందిన ఆరు జాతీయ పురస్కారములు నాలుగు భాషలలోనివి: తెలుగు, హిందీ, కన్నడము, తమిళము. ఇతర భాషల అక్షరములను పెద్దవాడైన పిదప కూడ దిద్దుకొన్నవాడు, యాస కారణముగా ఒకనాడు సందేహమునకు గురియైనవాడు, కుఱ్ఱవాని ‘ళ’ను దిద్దుచున్నాడు. అందువలననే కాబోలు, ఆ దిద్దుబాటులో ఎకసెక్కము లేదు. పాటలోని మాట కవి వ్రాసినట్లు పలుకవలెను. ఇంటిలో తల్లితో నీ ఇష్టము. ఇంత స్పష్టముగా ఆయన సూత్రీకరింపకున్నను, ఆచరణలో కనబడినది ఇదియే.

లోపములు లేవా? ఉన్నవి. వ్యాఖ్యానము ఒక్కొక్కప్పుడు పాటకంటె దీర్ఘమైనది. పదియేండ్ల పిల్లలను పోటీలో నిలిపి, ఓడినవారి కన్నీరు లోకమునకు చూపుట ఎంతవరకు ఉచితమను ప్రశ్న ఆ కార్యక్రమముతో పాటు దాని వెనుక వచ్చిన అనేక కార్యక్రమములకును తగులును. దానిని ఆయన మృదుభాషణము కొంత కప్పినదే గాని, తొలగింపలేదు. అన్నిటికంటె మించి, అది ప్రధానముగా సినిమాపాటల పోటీ. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల తప్పెటగుళ్ళు, జముకులకథ ఆ కొలతలో ఇమడవు. పార్వతీపురపు వంగపండు ప్రసాదరావుగారి పాటను తీసికొనుడు. దాని ప్రాణమంతయు ఇక్కడి పల్లెపలుకులో ఉన్నది. ఆ పాటలో అక్షరములు దిద్దబూనినచో పాట చచ్చును. ‘కవి వ్రాసినట్లు పలుకుము’ అనెడి నియమమే ఇచ్చట ‘ఊరు పలికినట్లు పలుకుము’ అని మారును. ఈ రెండు విధముల పాటలును బడిపిల్లవానికి రావలెను. ఏది ఎక్కడ పలుకవలెనో తెలిసిన గురువు కూడ కావలెను.

టెలివిజన్‌లో పాత పాట మరల మరల వినబడుట వలన ఒక తరము తాను పుట్టకముందటి కవులను ఎరిగినది. 2012లో వచ్చిన తనికెళ్ల భరణిగారి ‘మిథునం’ చిత్రమున బాలసుబ్రహ్మణ్యంగారు వృద్ధ కథానాయకుడై నటించినప్పుడు, అప్పటికే ఇంటింటికి పరిచితమైన ఆ మాట ఆయనకు సగము పని చేసిపెట్టినది.

2020 ఆగస్టు 4న వంగపండు పార్వతీపురమున కన్నుమూసినారు. ఆ మరునాడే కరోనా వ్యాధితో చెన్నైలో ఆసుపత్రిలో చేరిన బాలసుబ్రహ్మణ్యంగారు సెప్టెంబరు 25న, 74వ యేట మరణించినారు. 2021లో ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటితమైనది. అదే సంవత్సరము ‘పాడుతా తీయగా’ మరల ప్రారంభమైనప్పుడు ఆ పీఠముపై కూర్చున్నవారిలో ఆయన కుమారుడు చరణ్‌గారు ఒకరు.