రిట్రీట్ పిలుపే, నిర్బంధం కాదు

క్రైస్తవ పాఠశాలల్లో విద్యార్థులకు, సిబ్బందికి జరిపే ఆత్మీయ రిట్రీట్‌కు మాదిరి మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉంది. పరిచర్య చేసి వచ్చిన అపొస్తలులకు భోజనానికైనా తీరిక లేకపోయింది. ప్రభువు వారిని ఏకాంతానికి, విశ్రాంతికి పిలిచాడు. కాబట్టి రిట్రీట్‌లో ప్రసంగాలతో పాటు మౌనానికీ, ప్రార్థనకూ చోటుండాలి. ఉపాధ్యాయులు కాపలా కాయక, పిల్లల పక్కనే కూర్చుని వాక్యం వినాలి.

మన బడుల్లో ఇతర మతాల పిల్లలూ చదువుతున్నారు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన విద్యాసంస్థల్లో మతబోధకు ఎవరినీ వారి సమ్మతి లేకుండా హాజరుపరచరాదని, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలని రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెబుతోంది. ఇది సువార్తకు అడ్డు కాదు. ప్రభువు పిలిచాడే గాని ఎవరినీ బలవంతం చేయలేదు. తల్లిదండ్రులను ముందే అడుగుదాం. రాని బిడ్డను కూడా అదే ప్రేమతో చూద్దాం.