పఠనమునకు పూర్వరంగము వాక్కు

పాణినీయశిక్ష పేర్కొనిన ఆర్గురు అధమపాఠకులలో అనర్థజ్ఞుడు, అనగా అర్థ మెఱుగక చదువువాడు, ఒకడు. ఈ హెచ్చరిక నేటి శిశువిద్యకును వర్తించును.

లిపి ధ్వనికి సంకేతము. కనుకనే మన వర్ణమాల కంఠ్య తాలవ్యాది ఉచ్చారణస్థానముల క్రమమున కూర్పబడినది. 'కలము', 'కాలము' అను పదములందలి మాత్రాభేదమును చెవితో గుర్తింపలేని బాలునకు దీర్ఘచిహ్నము వట్టి గీతయే. ఆ భేదము తెలిసినను, ఆ పదముల నెన్నడును వినియుండనిచో అతడు అక్షరములను కూడబలుక్కొనునే కాని అర్థమును గ్రహింపడు. కావున పఠనమునకు ఆధారములు రెండు: ధ్వనివివేకము, పదసంపద. మొదటిది ప్రాసలతోడి ఆటపాటల వలనను, రెండవది పెద్దలు చెప్పు కథల వలనను, వారితోడి సంభాషణము వలనను అలవడును.

ఇంట పలుకరించు తీరిక గలవారు లేక బడికి వచ్చిన శిశువును మందబుద్ధి యని నిందించుట అన్యాయము. అట్టివానికి పలకతోపాటు పలుకును సమృద్ధిగా అందింపవలెను.