పసిబిడ్డలు – టెలివిజను



ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న నేను నేడు పసిబిడ్డలను గూర్చి మాటాడబూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. బాలవ్యాకరణము చెప్పుకొన్నవానికి బాలుర పెంపకముతో నేమి పని యని మీ రడుగవచ్చును. నా యింట జరిగిన యొక పొరపాటే నన్నీ విషయమునకు దెచ్చినది. ఆ పొరపాటు చేసినవాడను నేనే. మీ యిండ్లలోను అట్టిదే జరుగుచుండవచ్చునను తలంపుతో దానిని మీకు విన్నవించుచున్నాను.

మేము విజయవాడలో సత్యనారాయణపురమున నివసించుచున్నాము. మూడేండ్ల క్రిందటి మాట. కుమారుడును కోడలును ఉదయము తొమ్మిది గంటలకే ఉద్యోగములకు పోవుదురు. మా యింటావిడకు మోకాళ్ల నొప్పులు. కావున పది నెలల మనుమనికి అన్నము పెట్టు పని నాపై బడినది. వాడు నోరు తెఱవడు. ఒకనాడు టెలివిజను మ్రోగుచుండగా, దానిని ఱెప్పవేయక చూచుచు నోరు తెఱచినాడు. ముద్ద పెట్టితిని, మ్రింగినాడు. గిన్నె ఖాళీ యైనది. నాకు పెన్నిధి దొరకినట్లయ్యెను. నాటినుండి మూడు పూటలును తెరముందే భోజనము. పైగా, "మా మనుమడు వార్తలు సైతము కన్నార్పక చూచును, ఏమి ధారణ!" యని వీథిలోని వారితో గొప్పలు చెప్పుకొంటిని.

నాలుగు నెలలు గడచినవి. ఒక వేసవి మధ్యాహ్నము కరెంటు పోయి తెర నల్లబడెను. వాడు నా చేతిలోని ముద్దను చూచి, అదేమియో యెన్నడు నెఱుగనివానివలె మొగము త్రిప్పుకొని గుక్కపట్టి యేడ్చెను. పేరుపెట్టి పిలిచితిని; నా వైపు చూడలేదు. ఆ నల్లని తెరనే చూచుచు నేడ్చెను. అప్పుడు నా భార్య వాకిటినుండి, "ఏమండీ, ఇన్నాళ్లుగా తాను తింటున్నది అన్నమని వాడికి తెలుసునా?" అన్నది. నేను సమాధానము చెప్పలేకపోయితిని.

కోడలు బిడ్డను శిశువైద్యునియొద్దకు గొనిపోగా నేనును వెంట వెళ్లితిని. ఆయన ముందుగా వినికిడి పరీక్ష చేయించిరి. చెవులు బాగుగనే యున్నవి. పిమ్మట నన్ను చూచి, "మాస్టారూ, బిడ్డకు లోపమేమీ లేదు. పగలంతా ఇంట్లో వీడితో ఎవరు మాట్లాడుతున్నారు?" అని యడిగిరి. టెలివిజను మాట్లాడుచున్నదని చెప్పుటకు నాకు సిగ్గయ్యెను.

ఆ తరువాత నేను వైద్యులవలనను గ్రంథములవలనను తెలిసికొన్నదానిని క్రమముగా మనవిచేసెదను.

పసిబిడ్డ టెలివిజనును అంత తదేకముగా చూచుట కేమి కారణము? పుట్టిన శిశువునకు జానెడు దూరము, అంతకు కొంచెము మించిన దూరము మాత్రమే కొంత స్పష్టముగా కనబడును. పాలు త్రాగునపుడు తల్లి మొగ మంత దూరముననే యుండును. నెలలు గడచినకొలది చూపు దూరమునకు సాగును. మెఱుపు, కదలిక, హఠాత్తుగా వచ్చు చప్పుడు – వీనివైపునకు తల త్రిప్పుట మనుష్యునికి పుట్టుకతో వచ్చిన గుణము. గట్టుమీద నడచుచుండగా ప్రక్కను ఏదేని కదలినచో అది పామా, త్రాడా యని యోచింపకమునుపే మనము తల త్రిప్పుదుము. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ దీనిని "ఇదేమి?" యను ప్రతిక్రియగా వర్ణించెను. టెలివిజనులో బొమ్మ కొన్ని క్షణముల కొకమాఱు మాఱుచుండును. మాఱినప్పుడెల్ల బిడ్డ మనస్సున "ఇదేమి?" యను ప్రశ్న పుట్టును. దానికి జవాబు దొరకకమునుపే మఱియొక బొమ్మ వచ్చును. కావున బిడ్డ చూపు మరలదు. దీనిని మనము ఇష్టమనియు, తెలివియనియు భ్రమపడుచున్నాము.

బిడ్డ కథను గ్రహించి చూచుచున్నాడా యని కొందఱు పరీక్షించిరి. 2010లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో పిల్లల కార్యక్రమము నొకదానిని ఒకమాఱు సరియైన క్రమమునను, ఇంకొకమాఱు దృశ్యములను కలగాపులగము చేసియు, మాటలను తలక్రిందులు చేసియు చూపిరి. ఏడాదిన్నర, రెండేండ్ల పిల్లలు తేడా కనిపెట్టి, అర్థమున్న దానినే యెక్కువసేపు చూచిరి. ఆఱు నెలల బిడ్డలకును ఏడాది బిడ్డలకును రెండును ఒకటియే! నా మనుమడు చూచిన వార్తల సంగతి యిపుడు మీకు బోధపడియుండును.

మఱి బిడ్డకు మాట యెట్లు వచ్చును? 2003లో అమెరికాలోని సియాటిల్ నగరమున పట్రీషియా కూల్ అను విదుషీమణియు, ఆమె సహచరులును తొమ్మిది నెలల బిడ్డలపై చక్కని పరీక్ష చేసిరి. ఆ బిడ్డల యిండ్లలో ఇంగ్లీషే మాటాడుదురు. కొందఱు బిడ్డలతో చీనా భాష మాటాడువారు పండ్రెండు పర్యాయములు ఎదుట కూర్చుండి ఆడించుచు, పుస్తకములు చదివి వినిపించిరి. మఱికొందఱకు అదే మనుష్యులను, అదే మాటలను తెరమీద చూపిరి. తుదకు పరీక్షింపగా మొదటివారు చీనా భాషలోని ధ్వనుల భేదమును పోల్చుకొనిరి. తెరను చూచినవారికి ఏమియు నంటలేదు. మాటలొక్కటే, మనుష్యులొక్కరే. ఎదుటి మనిషి బిడ్డ కన్నును వెంబడించును. బిడ్డ "ఊఁ" యన్న తానును "ఊఁ" యనును. బిడ్డ వస్తువును చూచినపుడే దాని పేరు చెప్పును. తెరకు బిడ్డ కనబడడు. అది బదులు చెప్పదు. పసిబిడ్డకు మాటలు నేర్పునది ఆ బదులే. నేను మీకు చెప్పదలచిన ముఖ్యవిషయ మిది యొక్కటియే.

బిడ్డ చూడకున్నను, పెద్దలకొఱకు టెలివిజను మ్రోగుచుండిన నేమి నష్టమని మీరడుగవచ్చును. బిడ్డల అంగీలకు చిన్న యంత్రములను తగిలించి దినమంతయు ఇంటి మాటలను లెక్కించి 2009లో ఫలితములు ప్రకటించిరి. టెలివిజను వినబడు గంటలలో పెద్దలు పలుకు మాటలు వందలకొలది తగ్గినవి. బిడ్డ పలుకులును తగ్గినవి. మనము ధారావాహికలో మునిగియుండగా బిడ్డ మన మోకాలు పట్టుకొని ఏదో యనును. మనము వినము. రెండు మూడుమాఱులు పలికి, వాడును ఊరకుండును.

ఈ యంత్రము మన యిండ్లలోనికి వచ్చిన తీరును కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఉపగ్రహము సాయమున మన దేశములో ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారము చేసిరి. అందు మన తెలుగు పల్లెలును కొన్ని గలవు. ఊరికొక్క పెట్టె, దినమునకు సుమారు నాలుగు గంటలు. ప్రసారము ముగియగానే పెట్టె మూతపడెడిది. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. మన డెల్టా పల్లెలలో ఒకరి యింట టెలివిజను ఉన్న, ఆదివారము వాడకట్టంతయు వారి సావడిలో చేరిన దినములు మీలో చాలమందికి జ్ఞాపకమే. నేడు ప్రసారమునకు ముగింపు లేదు. పెట్టె చేతిలోనికి వచ్చి సెల్‌ఫోనైనది. ఒక బొమ్మ ముగియకమునుపే ఇంకొకటి దానంతట అదే వచ్చును.

మీరు వ్యవసాయ మెఱిగినవారు. కృష్ణ నీరు కాలువకు వచ్చినదని, నారుమడికి గండికొట్టి వదలుదురా? ఎదిగిన చేను నిలువగల నీటిలో మొలక కుళ్లిపోవును. కావుననే తూములును లాకులును ఏర్పడినవి. తెర విషయమున ఆ లాకు పని ఇపుడు ఇంటి పెద్దలు చేయవలసియున్నది.

ఎంతవఱకు వదలవచ్చును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చేసిన నిర్ణయము ప్రకారము, రెండేండ్లు నిండని బిడ్డకు తెర తగదు. రెండేండ్లనుండి నాలుగేండ్లవఱకు దినమునకు ఒక గంటకు మించరాదు; తక్కువైన మఱియు మేలు. మన దేశపు శిశువైద్యుల సంఘమును ఇంచుమించు ఇట్లే చెప్పినది. రెండేండ్లలోపు బిడ్డకు ఒక్క మినహాయింపు మాత్ర మిచ్చిరి. దూరమున నున్న బంధువులతో అప్పుడప్పుడు వీడియోకాలులో మాటాడింపవచ్చునట. మన కృష్ణాజిల్లాలో కొడుకులును కోడండ్రును అమెరికాలో నుండగా మనుమలను పెంచుచున్న తాతలెందఱో కలరు. వారి కిది ముఖ్యము. అదియు తెరయే కదా, ఏమి భేదమనిన – ఆ మొగము బిడ్డ నవ్విన నవ్వును, పిలిచిన పలుకును. అయినను బిడ్డను ఒడిలో నుంచుకొని, "అదిగో అమ్మ, చేయి ఊపుచున్నది" అని ప్రక్కనుండి మనము చెప్పుచుండవలెను.

ఇక నాచరణము. మొదటిది, భోజనము. బిడ్డ ముద్దను చూడవలెను, ముట్టవలెను, కొంత పాఱబోయవలెను. కడుపు నిండినపుడు నోరు మూయుట వాని హక్కు. తెరముందు బిడ్డకు ఆకలియు తెలియదు, తృప్తియు తెలియదు. రెండవది, ఏడుపు. ఏడ్చినప్పుడెల్ల ఫోను చేతికిచ్చిన, ఏడ్చినచో ఫోను వచ్చునని బిడ్డ నేర్చుకొనును. ఎత్తుకొని వాకిటికి పొండు. మూడవది, నిద్ర. పడుకొనుటకు ఒక గంట ముందుగా ఇంటిలోని తెరలన్నియు ఆపుడు. జోలపాట మీకు రాకపోలేదు; గొంతు బాగుండవలెనని బిడ్డ కోరడు. నాలుగవది, మన సంగతి. బిడ్డ మెలకువగా నున్నంతసేపు మన ధారావాహికలును వార్తలును కట్టిపెట్టవలెను. నాకు అన్నిటికంటె కష్టమైనది ఇదియే.

ఆటవస్తువులకు కాసు ఖర్చులేదు. రెండు గిన్నెలు, ఒక గరిటె, ఒక చాట చాలును. పెరటిలో గేదె, గోడమీద కాకి, కాలువలో బాతులు, చేలో కొంగలు – చూపి, పేరు చెప్పి, బిడ్డ బదులుకై ఒక్క క్షణ మాగుడు. ఆగుట మఱవకుడు.

ఒక హెచ్చరిక. ఏడాది నిండినను పేరు పిలిచిన తిరుగకున్నను, ఏడాదిన్నర దాటినను ఒక్క మాటయైన పలుకకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి చెప్పలేకున్నను, "టెలివిజను మానిన అదే వచ్చును" అని గాని, "వీని తండ్రికిని ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అని గాని కూర్చుండక వైద్యునికి చూపుడు. వినికిడి లోపమో, మఱియొక కారణమో యుండవచ్చును. ముందు తెలిసిన మేలు. మఱియొక మాట. కోడలిని నిందింపకుడు. వంటయు, ఉద్యోగమును, బిడ్డయు ఒక్కచేతితో మోయు తల్లి పది నిమిషములు ఫోను చేతికిచ్చినచో, ఆ పది నిమిషములు బిడ్డను మన మెత్తుకొనవలెను. మనకు తీఱిక గలదు.

మా యింట మొదటి మూడు దినములు కురుక్షేత్రమే జరిగినది. వాడు తినలేదు, నేనును తినలేదు. నాలుగవనాడు వాకిట కూర్చుండబెట్టి పప్పన్నము ముందుంచితిని. వాడు అందు చేయిపెట్టి, పిసికి, నా పంచెకు పూసి, పిదప తన నోటిలో పెట్టుకొనెను. పదునాఱవ నెలలో ఒక ఉదయము గోడమీద కాకి వ్రాలెను. వాడు వ్రేలు చూపి "కా" అని, వెంటనే తల త్రిప్పి నా మొగము చూచెను – నేనును చూచితినా లేదా యని. నాలుగు నెలలు తెరముందు కూర్చుండి వా డొక్కసారియు నా మొగ మట్లు చూడలేదు. "అవును నాయనా, కాకి" అంటిని.

పెద్దలారా, ఈ రేడియోయును బదులు చెప్పని యంత్రమే. నేను మాటాడుచుండగా మీ ప్రక్కనున్న బిడ్డ ఏదేని పలికియున్నచో, నా ప్రసంగము నింతటితో ఆపి, ముందు వానికి బదులు చెప్పుడు. సెలవు.