మీకు తెలుసా? చీపురుపల్లిని కలగలిపితే...

విజయనగరం జిల్లా చీపురుపల్లి పేరులో మన కంటికి కనిపించేవి ఐదే అక్షరాలు: చీ, పు, రు, ప, ల్లి. యూనికోడ్ లెక్కలో మాత్రం అవి 11 సంకేతాలు. గుడులు, కొమ్ములు, పొల్లు అన్నీ విడివిడిగా ఉంటాయి. యూటీఎఫ్-8లో దాస్తే 33 బైట్లు.

• పదంలో అక్షరాలను తారుమారు చేసే ప్రోగ్రామ్ పైథాన్‌లో ఒక్క వరుసలో రాసేయవచ్చు. ఇంగ్లిషు మాటలకు బాగానే పనిచేస్తుంది. చీపురుపల్లిని ఇస్తే గుడి, కొమ్ము తమ హల్లును వదిలి మరోదానికి తగులుకుంటాయి. ఏ హల్లూ దొరకనివి చుక్కల వలయం మీద కనిపిస్తాయి.

• సి భాషకు చెందిన జీఎన్‌యూ లైబ్రరీలో ఈ పనికే ‘స్ట్ర్‌ఫ్రై’ అనే ఫంక్షన్ ఉంది. అది కలిపేది బైట్లను కాబట్టి తెలుగు పదం చదవడానికి మిగలదు.

• ముందు పదాన్ని అక్షరాలుగా విడగొట్టి, తర్వాత కలపడమే సరైన దారి. పాత యూనికోడ్ నియమాలు ‘ల్లి’ని ‘ల్’, ‘లి’గా చీల్చేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి అది ఒకే ముక్క.

• ఐదు అక్షరాలనూ కలిపితే 120 వరుసలు వస్తాయి. మొదటిదీ చివరిదీ కదపకపోతే అసలు పేరుతో కలిపి 6 మాత్రమే. ‘చీపరుపుల్లి’ అందులో ఒకటి!